డయాలసిస్ రోగుల్లో కాల్షియం, రక్తపోటు

డయాలసిస్ మీద ఉన్న రోగి ఒంట్లోకి కాల్షియం మూడు దారుల్లో చేరుతుంది: తినే తిండి, మింగే మాత్రలు, డయాలసిస్ యంత్రంలో ప్రవహించే ద్రావణం. మూత్రం ద్వారా బయటికి పోయే దారి మాత్రం దాదాపు మూసుకుపోయి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలో కాల్షియాన్ని ఇరుకైన హద్దుల మధ్య నిలిపే పనిని కిడ్నీలు, ఎముకలు, పేగులు, పారాథైరాయిడ్ గ్రంథులు పంచుకుంటాయి. కిడ్నీలు తప్పుకోగానే ఆ పనిలో పెద్ద వాటా వైద్యుడి చేతికి వస్తుంది. ద్రావణంలో ఎంత కాల్షియం ఉండాలి, ఏ మాత్ర ఎంత మోతాదులో వాడాలి అన్న నిర్ణయాలు ఎముకలకు మాత్రమే పరిమితం కావు. అవి ఆ పూట బీపీని మారుస్తాయి, ఏళ్ల తరవాతి ధమనుల స్థితినీ మారుస్తాయి. గంటల లెక్కలో మేలు చేసే కాల్షియమే ఏళ్ల లెక్కలో కీడు చేయవచ్చు. ఈ విషయంలోని చిక్కంతా అక్కడే ఉంది.

రక్తంలో కాల్షియం: ఏ అంకెను నమ్మాలి

పెద్దవారి శరీరంలో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉండిపోతుంది. కణాల వెలుపలి ద్రవాల్లో తిరిగేది మొత్తం కలిపి ఒక గ్రాముకు అటూఇటూ. రక్తపరీక్షలో మామూలుగా కనిపించే మొత్తం కాల్షియం డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు. మరో కొలమానంలో చెబితే లీటరుకు 2.1 నుంచి 2.6 మిల్లీమోళ్లు.

ఈ మొత్తంలో దాదాపు 40 శాతం ఆల్బుమిన్ వంటి ప్రొటీన్లకు అంటుకుని ఉంటుంది. 10 శాతం దాకా ఫాస్ఫేట్, సిట్రేట్, బైకార్బనేట్‌లతో జత కడుతుంది. మిగిలిన సగం అయానిక్ కాల్షియం, అంటే దేనికీ కట్టుబడకుండా తిరిగేది. గుండె కండరం మీదా రక్తనాళాల మీదా పనిచేసేది ఇదొక్కటే. దాని మామూలు స్థాయి లీటరుకు 1.1 నుంచి 1.3 మిల్లీమోళ్లు.

డయాలసిస్ రోగుల్లో మొత్తం కాల్షియం అంకె తరచు తప్పుదారి పట్టిస్తుంది. ఆల్బుమిన్ తగ్గినవారిలో మొత్తం కాల్షియం తక్కువగా కనిపించినా అయానిక్ కాల్షియం సరిగానే ఉండవచ్చు. అందుకని ఆల్బుమిన్ డెసిలీటరుకు 4 గ్రాముల కన్నా ఎంత తగ్గితే అంతకు గ్రాముకు 0.8 మిల్లీగ్రాముల వంతున కలిపి లెక్క సవరించే పద్ధతి వాడుకలో ఉంది. కిడ్నీ రోగుల్లో ఈ సవరణ కూడా అంత నమ్మదగింది కాదు. రక్తంలో ఆమ్లత్వం ఎక్కువైతే కాల్షియం ప్రొటీన్ల నుంచి విడిపడి అయానిక్ వాటా పెరుగుతుంది, క్షారత్వం ఎక్కువైతే తగ్గుతుంది. డయాలసిస్‌కు ముందు రోగి రక్తం ఆమ్లత్వం వైపు ఉంటుంది. ద్రావణంలోని బైకార్బనేట్ ఎక్కాక క్షారత్వం వైపు మళ్లుతుంది. అంటే మొత్తం కాల్షియం మారకపోయినా డయాలసిస్ నడిచే నాలుగు గంటల్లో అయానిక్ కాల్షియం మారిపోగలదు. డయాలసిస్ చివర్లో కొందరికి పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి రావడానికి ఇదొక కారణం. బీపీ విషయంలో అనుమానం ఉన్నప్పుడు అయానిక్ కాల్షియాన్ని నేరుగా కొలిపించడమే మేలు.

కాల్షియం బీపీని కదిలించే తీరు

రక్తపోటు రెండింటి మీద ఆధారపడి ఉంటుంది: గుండె నిమిషానికి ఎంత రక్తం తోస్తోంది, ఆ ప్రవాహానికి చిన్న ధమనులు ఎంత అడ్డు నిలుస్తున్నాయి. కాల్షియం ఈ రెండింటినీ తాకుతుంది.

గుండె కొట్టుకోవడానికి కాల్షియం తప్పనిసరి అని 1883లో బ్రిటిష్ వైద్యుడు సిడ్నీ రింగర్ చూపించాడు. లండన్ కుళాయి నీటితో చేసిన ఉప్పు ద్రావణంలో కప్ప గుండె కొట్టుకుంటూనే ఉంది, స్వేదన జలంతో చేసిన దాంట్లో ఆగిపోయింది. తేడాకు కారణం కుళాయి నీటిలోని కాల్షియం. గుండె కండర కణం ఉత్తేజితమైనప్పుడు బయటి నుంచి కొద్దిగా కాల్షియం లోపలికి వస్తుంది. అది కణంలోని నిల్వల నుంచి మరింత కాల్షియాన్ని విడిపిస్తుంది. అదంతా ట్రోపోనిన్‌ను పట్టుకోగానే కండరం ముడుచుకుంటుంది. ధమనుల గోడల్లోని నున్నని కండరాల్లో కాల్షియం కాల్మాడ్యులిన్ అనే ప్రొటీన్ ద్వారా పనిచేసి నాళాన్ని బిగిస్తుంది. కణం లోపల స్వేచ్ఛగా ఉండే కాల్షియం బయట ఉన్నదానిలో పదివేలవ వంతు మాత్రమే. కాబట్టి బయటి మోతాదులో చిన్న మార్పు వచ్చినా దాని ఫలితం కండరాల బిగువులో కనిపిస్తుంది.

డయాలసిస్ రోగుల్లో ఈ రెండు దారుల్లో ఏది ముఖ్యమన్నది 1980లలో జరిగిన అధ్యయనాల్లో తేలింది. అయానిక్ కాల్షియం పెరిగితే డయాలసిస్ సమయంలో ఎడమ జఠరిక మరింత బలంగా ముడుచుకుంటుందని 1984లో హెన్రిక్, ఆయన సహచరులు ప్రకటించారు. ద్రావణంలో కాల్షియాన్ని మార్చినప్పుడు బీపీ కూడా అదే దిశలో మారుతుందని 1986లో మేనార్డ్ బృందం నివేదించింది. స్థిరంగా ఉన్న రోగుల్లో ఈ మార్పు ప్రధానంగా గుండె తోసే రక్తం పెరగడం వల్లే వస్తోందని, ధమనుల నిరోధం అంతగా మారడం లేదని 1989లో ఫెల్‌నర్ బృందం చూపింది. గుండె బలహీనంగా ఉన్నవారికి ద్రావణంలోని కాల్షియం ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కిడ్నీ చెడ్డాక తలకిందులయ్యే లెక్క

విటమిన్ డి తుది చురుకైన రూపమైన కాల్సిట్రియాల్‌ను తయారుచేసేది ప్రధానంగా కిడ్నీయే. కిడ్నీ దెబ్బతింటే కాల్సిట్రియాల్ తగ్గి, పేగులు తిండిలోని కాల్షియాన్ని సరిగా పీల్చుకోలేవు. మరోవైపు ఫాస్ఫరస్ బయటికి పోక పేరుకుంటుంది. రక్తంలో కాల్షియం తగ్గితే పారాథైరాయిడ్ గ్రంథుల మీది గ్రాహకాలు పసిగడతాయి. 1993లో గుర్తించిన ఈ గ్రాహకమే తరవాత కొన్ని మందులకు లక్ష్యం అయింది. గ్రంథులు పారాథార్మోన్‌ను ఎక్కువగా వదిలి ఎముకల్లోంచి కాల్షియాన్ని లాగుతాయి. ఏళ్ల తరబడి ఇలా జరిగితే గ్రంథులు ఉబ్బి, కాల్షియం సరిపోయినా హార్మోన్‌ను ఆపకుండా వదులుతుంటాయి.

పారాథార్మోన్‌కూ బీపీకీ ఉన్న సంబంధం సూటిగా ఉండదు. ఒక్కసారిగా ఎక్కిస్తే అది నాళాలను వదులు చేస్తుంది. దీర్ఘకాలం ఎక్కువగా ఉంటే కణాల్లోపల కాల్షియాన్ని పెంచుతుంది, గుండె గోడలు మందం కావడానికి, నాళాలు బిరుసెక్కడానికి దోహదం చేస్తుంది. గ్రంథులను తీసేసే ఆపరేషన్ తరవాత కొందరిలో బీపీ తగ్గుతుంది, అందరిలోనూ కాదు. ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో ఎముకలు కాల్షియాన్ని వేగంగా లాక్కోవడంతో రక్తంలో అది ప్రమాదకరంగా పడిపోతుంది. అప్పుడు నరానికి కాల్షియం ఎక్కించాలి, డయాలసిస్ ద్రావణంలోనూ దాన్ని పెంచాలి.

నాలుగు గంటలు, 120 లీటర్లు

హీమోడయాలసిస్‌లో రక్తం ఒకవైపు, ద్రావణం మరోవైపు పల్చటి పొరకు ఇరుపక్కలా ప్రవహిస్తాయి. ద్రావణం నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున పారితే నాలుగు గంటల్లో 120 లీటర్లు అవుతుంది. లీటరుకు 1.25 మిల్లీమోళ్ల కాల్షియం ఉన్న ద్రావణమైతే అందులో మొత్తం 6 గ్రాముల కాల్షియం రోగి రక్తం పక్కనుంచి సాగిపోతుంది. 1.75 ఉన్నదైతే 8.4 గ్రాములు. కణాల వెలుపలి ద్రవాల్లో ఉన్నది మొత్తం ఒక గ్రామే కదా. అందుకే ద్రావణంలో చిన్న తేడా కూడా రక్తంలో అయానిక్ కాల్షియాన్ని పైకో కిందికో ఈడ్చుకుపోతుంది. దీనికితోడు ఒంట్లోని అదనపు నీటిని యంత్రం లాగినప్పుడు ఆ నీటితోపాటు కాల్షియం కూడా పోతుంది. మూడు లీటర్ల నీటితో పోయేది సుమారు 150 మిల్లీగ్రాములు.

ఆస్పత్రుల్లో ఈ అంకెలను రెండు రకాలుగా రాస్తారు. మిల్లీమోళ్లలో 1.25, 1.5, 1.75 అన్నవే మిల్లీఈక్వివలెంట్లలో 2.5, 3.0, 3.5 అవుతాయి. స్థూలంగా 1.25 ద్రావణంతో ఒంట్లో కాల్షియం పెరగదు, కొందరిలో కొంత తగ్గుతుంది. 1.5తో సమంగానో కొద్దిగా ఎక్కువగానో మిగులుతుంది. 1.75తో చాలామందిలో కాల్షియం లోపలే పేరుకుంటుంది. ఒకే ద్రావణం అందరికీ ఒకేలా పనిచేయదు. రోగి రక్తంలో డయాలసిస్‌కు ముందున్న అయానిక్ కాల్షియం, పారాథార్మోన్ స్థాయి, తీసే నీటి పరిమాణం ఫలితాన్ని మారుస్తాయి.

ద్రావణం మోతాదుల చరిత్ర చికిత్సల చరిత్రతో ముడిపడి ఉంది. ఒంట్లో కాల్షియం తగ్గిపోయి ఎముకలు దెబ్బతింటున్నాయన్న భయంతో ఒకప్పుడు 1.75 దాకా పెంచారు. ఫాస్ఫరస్‌ను పట్టే అల్యూమినియం మాత్రలు మెదడుకు, ఎముకలకు హాని చేస్తున్నాయని తేలాక వాటి స్థానంలో కాల్షియం కార్బొనేట్ వచ్చింది, కాల్సిట్రియాల్ వాడకం పెరిగింది. రెండూ కలిసి రక్తంలో కాల్షియాన్ని పెంచేయడంతో ద్రావణంలో దాన్ని 1.25కు దించారు. అమెరికా కిడ్నీ ఫౌండేషన్ 2003 మార్గదర్శకాలు ఈ 1.25నే సూచించాయి. అంతర్జాతీయ కేడీఐజీఓ సంస్థ 2009లోనూ 2017లోనూ 1.25 నుంచి 1.5 మధ్య ఉంచమంది. అయితే ఆ సిఫారసు వెనుక ఉన్న ఆధారాలు బలమైనవి కావని తానే పేర్కొంది.

ద్రావణం తయారీకి వాడే నీరు సరిగా శుద్ధి కాకపోతే ఏమవుతుందో 1967లోనే నమోదైంది. నీటి కాఠిన్యాన్ని తీసే పరికరం పనిచేయక, కాల్షియం, మెగ్నీషియం నిండిన నీరు యంత్రాల్లోకి చేరింది. రోగులకు వికారం, వాంతులు, నీరసం, కండరాల బలహీనత వచ్చాయి, వాటితోపాటు బీపీ పెరిగింది. దీనికి కఠిన జల సిండ్రోమ్ అని పేరు. కాల్షియం బీపీని పెంచుతుందనడానికి అనుకోకుండా దొరికిన రుజువు ఇది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కాల్షియం లీటరుకు 75 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం, వేరే దిక్కు లేకపోతే 200 దాకా అనుమతి. డయాలసిస్ నీటిలో ఉండదగ్గ హద్దు 2 మిల్లీగ్రాములే. బోరునీరు గట్టిగా ఉండే ప్రాంతాల్లో ఆర్ఓ ప్లాంటు నిర్వహణ రోగుల బీపీకి సంబంధించిన విషయం కూడా అవుతుంది.

డయాలసిస్‌లో బీపీ పడిపోతే

డయాలసిస్ సమయంలో సిస్టాలిక్ బీపీ (పై అంకె) 20 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో పడిపోయి, దానితోపాటు తలతిరగడం, కళ్లు చీకట్లు కమ్మడం, పిక్కలు పట్టేయడం, వాంతులు వంటి లక్షణాలు ఉంటే దాన్ని ఈ చికిత్సలో వచ్చే అల్పరక్తపోటుగా లెక్కిస్తారు. నీటిని నాళాల నుంచి లాగే వేగం, కణజాలాల నుంచి నాళాల్లోకి నీరు తిరిగి చేరే వేగాన్ని మించడమే దీనికి మొదటి కారణం. గుండె బలహీనత, మధుమేహం వల్ల నరాలు దెబ్బతినడం, ద్రావణం వెచ్చగా ఉండటం, డయాలసిస్ నడుస్తుండగా తినడం, ఆ ఉదయమే బీపీ మాత్ర వేసుకోవడం దానికి తోడవుతాయి.

కాల్షియం ఇక్కడ సాయం చేయగలదు. గుండె బలహీనంగా ఉన్న రోగుల్లో 1.25 ద్రావణం వాడినప్పటి కన్నా 1.75 వాడినప్పుడు బీపీ మెరుగ్గా నిలిచిందని 1998లో వాన్ డెర్ సాండే బృందం చూపింది. తొలి గంటల్లో తక్కువ, తరవాతి గంటల్లో ఎక్కువ కాల్షియం ఇచ్చే పద్ధతిని కిరియాజిస్ బృందం పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించింది. బీపీ ఎక్కువగా పడేది చికిత్స రెండో సగంలో కాబట్టి అప్పుడే కాల్షియం ఊతం ఇవ్వడం దీని ఉద్దేశం. తరచు బీపీ పడిపోయేవారికి, వేరే అభ్యంతరం లేకపోతే, 1.5 ద్రావణాన్ని పరిశీలించవచ్చని 2007 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు చెప్పాయి.

అయినా కాల్షియం వరసలో ముందుండేది కాదు. రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగే బరువును తగ్గించడం, అంటే ఉప్పు తగ్గించడం, మొదటి మెట్టు. నీటిని తీసే వేగాన్ని గంటకు కిలో బరువుకు 13 మిల్లీలీటర్ల లోపు ఉంచడం, అవసరమైతే చికిత్స సమయం పెంచడం, ద్రావణాన్ని కాస్త చల్లగా ఉంచడం, బీపీ మందుల వేళలు మార్చడం తరవాతివి. డ్రై వెయిట్‌ను (అదనపు నీరు లేనప్పుడు రోగి ఉండాల్సిన బరువును) మరీ తక్కువగా నిర్ణయించిన రోగికి ద్రావణంలో కాల్షియం ఎంత పెంచినా బీపీ నిలవదు.

రక్తం ఎక్కించినప్పుడు అందులోని సిట్రేట్, గడ్డకట్టకుండా వాడే సిట్రేట్ కూడా అయానిక్ కాల్షియాన్ని పట్టేసి బీపీని దించగలవు. కారణం తెలియకుండా బీపీ పడుతున్నప్పుడు వీటినీ గుర్తుంచుకోవాలి.

బీపీ పెరిగితే

డయాలసిస్ రోగుల్లో అత్యధికులకు అధిక రక్తపోటు ఉంటుంది. దానికి ప్రధాన కారణం ఒంట్లో మిగిలిపోయిన ఉప్పు, నీరు. ఫ్రాన్స్‌లోని టాసాన్ కేంద్రంలో షర్రా, ఆయన సహచరులు వారానికి మూడుసార్లు, ఒక్కోసారి ఎనిమిది గంటలపాటు నెమ్మదిగా డయాలసిస్ చేసి, ఉప్పు తగ్గించిన ఆహారం ఇచ్చి, చాలామంది రోగులకు బీపీ మందులే అక్కర్లేని స్థితి సాధించారు. అమెరికాలో 150 మంది మీద జరిపి 2009లో ప్రచురించిన పరీక్షలో డ్రై వెయిట్‌ను ఒక కిలో మేరకు తగ్గించగానే రోజంతా కొలిచిన సిస్టాలిక్ బీపీ సగటున దాదాపు 7 మిల్లీమీటర్లు దిగింది. కాల్షియం గురించిన ఏ చర్చ అయినా దీని తరవాతే.

కొందరిలో నీరు తీస్తున్నకొద్దీ బీపీ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. డయాలసిస్ మొదట్లో కన్నా ముగిసేసరికి సిస్టాలిక్ బీపీ 10 మిల్లీమీటర్లకు మించి పెరగడం వరసగా కనిపిస్తుంటే వైద్యులు దీన్ని డయాలసిస్‌లో వచ్చే అధిక రక్తపోటుగా గుర్తిస్తారు. మిగిలిన నీరు, సింపథెటిక్ నరాల ఉద్రేకం, నాళాలను బిగించే ఎండోథీలిన్, రక్తహీనతకు ఇచ్చే ఎరిత్రోపొయిటిన్, డయాలసిస్‌లో కొట్టుకుపోయే బీపీ మందులు, ద్రావణంలో ఎక్కువైన సోడియం దీని కారణాలు. ఎక్కువ కాల్షియం ఉన్న ద్రావణం కూడా ఈ జాబితాలో ఉంది. 1.75 వాడుతున్న రోగిలో ఇలా జరుగుతుంటే దాన్ని దించి చూడటం సబబైన ప్రయత్నమే.

ఏళ్ల లెక్క

వయసుతో ఎవరి ధమనుల్లోనైనా కాల్షియం సున్నంగా పేరుతుంది. డయాలసిస్ రోగుల్లో అది చాలా ముందే, చాలా వేగంగా జరుగుతుంది. 2000 సంవత్సరంలో గుడ్‌మన్ బృందం చేసిన అధ్యయనంలో 20 ఏళ్ల లోపు డయాలసిస్ రోగులు 23 మందిలో ఒక్కరికీ గుండె ధమనుల్లో సున్నం కనిపించలేదు. 20 నుంచి 30 ఏళ్ల మధ్య ఉన్న 16 మందిలో 14 మందికి కనిపించింది. ఎక్కువ కాలంగా డయాలసిస్‌లో ఉండటం, ఎక్కువ ఫాస్ఫరస్, ఎక్కువ కాల్షియం మాత్రలు వారిలో ఉన్న పోలికలు.

ఇది కేవలం రసాయనం పేరుకోవడం కాదు. ఫాస్ఫరస్, కాల్షియం ఎక్కువైన వాతావరణంలో ధమని గోడలోని నున్నని కండర కణాలు తమ స్వభావం మార్చుకుని ఎముకను కట్టే కణాల్లా ప్రవర్తిస్తాయి. సున్నం పట్టకుండా మామూలుగా కాపాడే ఫెట్యుయిన్, మ్యాట్రిక్స్ గ్లా వంటి ప్రొటీన్ల పనితీరు కిడ్నీ రోగుల్లో తగ్గుతుంది. ఈ సున్నం ధమని మధ్యపొరలో పట్టినప్పుడు నాళం మూసుకుపోదు గానీ, నీళ్లు పట్టే రబ్బరు గొట్టం స్థానంలో ఇనుప గొట్టం బిగించినట్టు సాగే గుణం పోతుంది. అప్పుడు గుండె తోసిన రక్తానికి బృహద్ధమని సాగి చోటివ్వలేదు కాబట్టి సిస్టాలిక్ బీపీ పెరుగుతుంది. గుండె విశ్రమించే వేళ ఆ గోడ ముడుచుకుని రక్తాన్ని ముందుకు నెట్టలేదు కాబట్టి డయాస్టాలిక్ బీపీ తగ్గుతుంది. పై అంకెకూ కింది అంకెకూ మధ్య దూరం పెరగడం ఈ రోగుల్లో మామూలుగా కనిపించే లక్షణం. గుండె కండరానికి రక్తం అందేది ఎక్కువగా విశ్రాంతి వేళలోనే కనుక దానికి నష్టం రెండింతలు. బృహద్ధమనిలో నాడి అల ఎంత వేగంగా పరుగెడితే మరణ ముప్పు అంత ఎక్కువని 1999లో బ్లాషే, గెరాన్, లండన్ బృందం డయాలసిస్ రోగుల్లో చూపించింది.

బిరుసైన నాళాలున్న రోగికి బీపీ రెండు వైపులా ఊగుతుంది. నీరు కాస్త ఎక్కువైతే అంకె ఎగబాకుతుంది, కాస్త తీస్తే కుప్పకూలుతుంది. బీపీ పడకుండా ఏళ్ల తరబడి ఎక్కువ కాల్షియం ద్రావణం వాడితే, బీపీని నిలకడగా ఉంచలేని నాళాలే తయారయ్యే ప్రమాదం ఉంది. టర్కీలో 425 మంది మీద రెండేళ్లు జరిపి 2016లో ప్రచురించిన పరీక్షలో 1.75 ద్రావణంలో కొనసాగినవారితో పోలిస్తే 1.25కు మారినవారిలో గుండె ధమనుల్లో సున్నం పెరుగుదల నెమ్మదించింది, మందగించిన ఎముక జీవక్రియ మెరుగైంది.

మాత్రల లెక్క

ఫాస్ఫరస్‌ను పేగుల్లోనే పట్టి ఉంచడానికి ఇచ్చే మాత్రల్లో కాల్షియం కార్బొనేట్, కాల్షియం అసిటేట్ చవకైనవి. కార్బొనేట్ బరువులో 40 శాతం, అసిటేట్‌లో 25 శాతం అసలు కాల్షియం. వీటిని అన్నం తింటున్నప్పుడు వేసుకుంటేనే ఫాస్ఫరస్‌ను పడతాయి. ఖాళీ కడుపున వేసుకుంటే ఆ పని సరిగా జరగక కాల్షియమే ఎక్కువగా రక్తంలోకి చేరుతుంది. సెవెలమర్, లాంథనం కాల్షియం లేని ప్రత్యామ్నాయాలు, ఖర్చు ఎక్కువ. కాల్షియం ఉన్న మాత్రల మోతాదును పరిమితం చేయమని 2017 కేడీఐజీఓ మార్గదర్శకాలు సూచించాయి.

కాల్సిట్రియాల్, దాని తరహా మందులు పేగుల్లో కాల్షియాన్నీ ఫాస్ఫరస్‌నూ ఎక్కువగా పీల్చుకునేలా చేస్తాయి. సినకాల్సెట్ పారాథైరాయిడ్ గ్రాహకాన్ని నమ్మించి హార్మోన్‌ను తగ్గిస్తుంది, దానితోపాటు కాల్షియమూ తగ్గుతుంది. 3,883 మంది డయాలసిస్ రోగుల మీద జరిగి 2012లో ఫలితాలు వచ్చిన ఎవాల్వ్ పరీక్షలో మరణాలు, గుండె జబ్బులు కలిపి చూసిన ప్రధాన లెక్కలో ఈ మందు స్పష్టమైన మేలు చూపలేకపోయింది. ఎముకల బలహీనతకు ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్ డయాలసిస్ రోగుల్లో కాల్షియాన్ని ప్రాణాపాయం కలిగేంతగా పడగొట్టగలదని 2024 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తీవ్ర హెచ్చరిక జారీ చేసింది.

ఆమ్లోడిపిన్ వంటి బీపీ మాత్రలను కాల్షియం చానెల్ బ్లాకర్లు అంటారు. ఈ పేరు చూసి, అవి ఒంట్లో కాల్షియాన్ని తగ్గిస్తాయని, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకోకూడదని కొందరు రోగులు భయపడతారు. ఆ మందు నాళాల కండర కణాల్లోకి కాల్షియం వెళ్లే ద్వారాలనే అడ్డుకుంటుంది, రక్తంలోని కాల్షియం స్థాయిని మార్చదు. డయాలసిస్‌లో కొట్టుకుపోదు కూడా. అటెనొలాల్, మెటోప్రొలాల్ మాత్రం డయాలసిస్‌లో చాలావరకు తొలగిపోతాయి కనుక వాటిని వేసుకునే వేళ ముఖ్యం.

గుండె లయ అనే హద్దు

సున్నం భయంతో ద్రావణంలో కాల్షియాన్ని ఎంతైనా తగ్గించడానికి వీల్లేదు. అయానిక్ కాల్షియం తగ్గితే ఈసీజీలో క్యూటీ విరామం సాగుతుంది, లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది. అదే నాలుగు గంటల్లో పొటాషియం కూడా పడిపోతుంటే ముప్పు మరింత ఎక్కువ. 1.25 కన్నా తక్కువ కాల్షియం ఉన్న ద్రావణానికీ, రక్తానికీ ద్రావణానికీ మధ్య కాల్షియం తేడా ఎక్కువగా ఉండటానికీ, హఠాత్తుగా గుండె ఆగడానికీ సంబంధం ఉందని 2013లో పన్ బృందం అమెరికా రోగుల వివరాల నుంచి తేల్చింది. ఇది యాదృచ్ఛిక పరీక్ష కాదు కాబట్టి కారణాన్ని నిరూపించదు. అయినా మరీ తక్కువ కాల్షియాన్ని మామూలు పద్ధతిగా వాడకపోవడానికి ఈ హెచ్చరిక చాలు.

తెలుగు నేల మీద

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వ్యాపించిన కిడ్నీ జబ్బు కారణం ఇంకా తేలలేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస వంటి మండలాల్లో డయాలసిస్ అవసరం ఎంతగా పెరిగిందంటే, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రితో కలిపి కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించాల్సి వచ్చింది. ఈ తరహా జబ్బు కిడ్నీ గొట్టాల మధ్య కణజాలాన్ని దెబ్బతీస్తుంది. తొలి దశల్లో బీపీ పెద్దగా పెరగకపోవచ్చు, మూత్రంలో ప్రొటీన్ కూడా ఎక్కువగా పోదు. మధుమేహం వల్ల, దీర్ఘకాలపు అధిక బీపీ వల్ల కిడ్నీలు చెడినవారితో వీరిని ఒకే గాటన కట్టి బీపీ, కాల్షియం లక్ష్యాలు నిర్ణయించడం సరికాదు.

కేంద్రం 2016లో ప్రకటించిన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ తరహా పథకాలు పేదలకు డయాలసిస్‌ను అందుబాటులోకి తెచ్చాయి. దేశంలో చాలామంది ఇప్పటికీ వారానికి రెండుసార్లే డయాలసిస్ చేయించుకుంటారు. విరామం పెరిగితే నీరు ఎక్కువగా చేరుతుంది, ఒక్కసారిలో తీయాల్సింది పెరుగుతుంది, బీపీ పడే ప్రమాదమూ పెరుగుతుంది. చాలా కేంద్రాల్లో ఒకే రకం గాఢ ద్రావణాన్ని రోగులందరికీ వాడతారు. ఒక్కొక్కరికీ తగిన కాల్షియం ఎంచుకోవాలన్న సూత్రం అక్కడ అమలు కావడం కష్టం.

తిండి విషయంలో కాల్షియం కన్నా ఉప్పు ముందు చూడాల్సింది. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు దాహాన్ని పెంచి బరువును, బరువుతోపాటు బీపీని పెంచుతాయి. రాగుల్లో 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, ఫాస్ఫరస్ కూడా తక్కువేం కాదు. పాలదీ పెరుగుదీ అదే తీరు. బలానికని రాగిజావ రోజూ తాగుతూ, కాల్షియం మాత్రలూ కాల్సిట్రియాల్ కూడా వాడుతున్న రోగిలో ఈ మూడింటినీ కలిపి లెక్కించాలి. తాంబూలంలో వేసే సున్నం కూడా కాల్షియమే.

ఎంపికలో వరస

ఇప్పటివరకు ఉన్న ఆధారాలను బట్టి ఒక వరస ఏర్పడుతుంది. ముందు రోగి డ్రై వెయిట్ సరైనదో కాదో తేల్చాలి, తరవాత ఉప్పు, నీరు తీసే వేగం, మందుల వేళలు చూడాలి. అవి సరిచేశాక కూడా బీపీ కుదురుకోకపోతే కాల్షియం మీదికి దృష్టి వెళ్లాలి.

ఎక్కువమందికి 1.25 నుంచి 1.5 మధ్య ద్రావణం సరిపోతుంది. డయాలసిస్‌లో తరచు బీపీ పడిపోయేవారికి, గుండె బలహీనంగా ఉన్నవారికి, క్యూటీ విరామం సాగినవారికి, పారాథైరాయిడ్ ఆపరేషన్ అయినవారికి పై అంచు నయం. చివరి రకానికి కొంతకాలం అంతకు మించీ అవసరం కావచ్చు. రక్తంలో కాల్షియం ఎక్కువగా ఉన్నవారికి, కాల్షియం మాత్రలు ఎక్కువగా వాడుతున్నవారికి, పారాథార్మోన్ మరీ తక్కువగా ఉండి ఎముక జీవక్రియ మందగించినవారికి, నాళాల్లో సున్నం కనిపించినవారికి, డయాలసిస్ చివర్లో బీపీ పెరిగేవారికి కింది అంచు మేలు. ఒకే రోగిలో ఈ రెండు జాబితాల లక్షణాలూ కలిసి ఉండటం అరుదు కాదు. గుండె బలహీనంగా ఉండి, ధమనుల్లో సున్నం కూడా పట్టిన వృద్ధ రోగి దీనికి ఉదాహరణ. అటువంటివారిలో ద్రావణాన్ని 1.5 దగ్గర ఉంచి, మాత్రల ద్వారా వచ్చే కాల్షియాన్ని తగ్గించడం ఒక మధ్యేమార్గం.

ద్రావణాన్ని మార్చినప్పుడు కాల్షియం, ఫాస్ఫరస్, పారాథార్మోన్‌లను కొన్ని వారాల్లో మళ్లీ పరీక్షించాలి. డయాలసిస్‌కు ముందు, మధ్యలో, తరవాత తీసిన బీపీలతోపాటు ఇంట్లో తీసిన బీపీనీ చూడాలి. ఒక్క అంకెను బట్టి కాకుండా నెలల తరబడి అవి పోతున్న దిశను బట్టి నిర్ణయం ఉండాలి. కాల్షియం మాత్రను గానీ బీపీ మాత్రను గానీ రోగి తనంతట తాను ఆపడం, పెంచడం రెండూ ప్రమాదమే, ఎందుకంటే ఒకదాని మార్పు ద్రావణంతో వేసిన లెక్కను మొత్తంగా మారుస్తుంది.